కెజయా తేనెటీగలకు చెప్పిన మాట

ఇంగ్లండులోని డోర్సెట్‌లో మా తుప్పల బీడు అంచున కెజయా లోడర్ తేనె అమ్ముకుని బతికేది. ఒక చలికాలం మొదట్లో ఆమె మొగుడు ఆంబ్రోస్ ముళ్లకంప కొట్టడానికి పొగమంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. ఊబి ఒడ్డున టోపీ మాత్రం దొరికింది.

మా వైపు ఆచారం ప్రకారం ఇంటి యజమాని పోతే తాళంచెవితో తేనెటీగలు కాపురముండే గడ్డి బుట్టలను తట్టి ఆ కబురు చెప్పాలి. చెప్పకపోతే ఈగలు చస్తాయి. కెజయా చెప్పలేదు.

"ఒసే, పోయినోడి కోసం ఉన్నవాటిని ఎందుకే చంపుకుంటావు? చెప్పేసెయ్" అని పక్కింటిదాన్ని నేనే అన్నాను.

"ఆయన పోవడం నువ్వు చూశావా అక్కా?"

"టోపీ లేకుండా తిరిగే మగాడు మన ఊళ్లో ఎవడే? ఊబికి తల లేదు గనక టోపీని వదిలేసింది."

"నా నోటితో చెప్తే నేనే చంపినట్టు" అంది.

ఆ చలికి బుట్టలు ఒక్కొక్కటే మూగబోయాయి. వసంతానికి ఒక్కటే మిగిలి సన్నగా మూలుగుతోంది. ఒక ఉదయం ఆమె తాళంచెవి పట్టుకుని బయటికొచ్చింది. బుద్ధి వచ్చిందనుకుని కంచె దగ్గర నిలబడ్డాను.

ఆమె బుట్టను తట్టి దాని మీదికి వంగింది. తర్వాత, "మీ అయ్య బీడుకెళ్లాడు. రావడం కాస్త ఆలస్యమవుద్ది" అంది.

అబద్ధమాడే ఇంట్లో తేనెటీగలు నిలవవు. అది మా అమ్మ మాట, నేను కళ్లారా చూసిన మాట కూడా. ఇక ఆ బుట్ట పనీ అయిపోయిందనుకున్నాను. వేసవికి అది నిండి పొంగి, కొత్త గుంపు కట్టింది.

కెజయా ఇప్పటికీ రెండు కంచాలు పెడుతుంది. బీడు మీద పొగమంచు దిగితే నేను అటు చూడకుండా తలుపేసుకుంటాను.