మరువం సీసా

నేను చేసిన కొవ్వొత్తి సీసాలు ఇరవై మూడింటిని మా సంఘ కమిటీవాళ్లు చర్చి వెనక గొయ్యి తవ్వి పాతిపెట్టారు. నన్ను పిలవలేదు. పాతేముందు ఏం కలిపావని అడగలేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలోకి నా సీసా ఒక్కటి కూడా రాకూడదని నేను లేని మీటింగులో తీర్మానం రాసి సంతకాలు పెట్టుకున్నారు. అది గురువారం. ఈస్టరుకి మూడు రోజులుంది.

నా భార్య పోయాక వచ్చిన మొదటి ఈస్టరు అది. మా ఊళ్లో క్రైస్తవులం ఆ రోజు చీకటితోనే సమాధుల దగ్గరికి వెళ్లి, సున్నం కొట్టిన రాళ్ల మీద దీపాలు పెట్టి, పొద్దు పొడిచేదాకా పాటలు పాడుకుంటాం. పోయినవాళ్లకి అది మొదటి ఈస్టరయితే, ఇంటివాళ్లు చేత్తో పెట్టిన దీపం సూర్యుడు కనపడేదాకా ఆరకూడదని ఒక పట్టింపు ఉంది. ఇది బైబిల్లో లేదు. పాస్టరుగారు కూడా లేదనే చెబుతారు. అయినా ఎవరి దీపం ఏ ఏడు ఆరిందో మా ఊరికి కంఠతా వచ్చు.

ఆవిడ ముప్పై ఏళ్లు మిరపకాయలకి తొడిమలు తీసింది. కోతల రోజుల్లో మా పొదిలి వైపు కల్లాల్లో, ఎండలు ముదిరాక గుంటూరు కోల్డు స్టోరేజీల్లో. ముక్కుకి అడ్డంగా కట్టుకున్న పాత చీర ముక్క సాయంత్రానికి ఇటికరాయి రంగుకి తిరిగేది. చివరి పదేళ్లూ దగ్గే. చర్చిలో వెనక వరసలో, రిటైరైన టీచరమ్మ పక్కన కూర్చునేది. కొవ్వొత్తులు వెలిగించే ప్రార్థన అయితే మాత్రం ఆ పొగ పడక గుమ్మం బయటికి వచ్చేసేది. ఒకసారి నవ్వులాటకే అంది: "ఏవయ్యా, మిల్లులో అన్నేళ్లు పత్తి చూశావుగా, నాకు పొగ రాని దీపం ఒకటి చేసిపెట్టరాదా? కాస్త మరువం వాసన కూడా రావాలి."

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ని. జిన్నింగు మిల్లులో పనిచేస్తూ, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి చదువు నేర్చుకున్నాను. ఈ విద్య ఫోనులో వీడియోలు చూసి నేర్చాను. అర్థంకాని చోట ఎవర్నీ అడగలేదు, పదిసార్లు చూశాను.

మొదట మా పత్తినే తొడ మీద పేని వత్తి చేశాను, ప్రమిదలో వేసే వత్తిలాగే. వెలిగిస్తే కాగడా అయింది. సీసా మెడంతా మసి. దీపం వత్తి నూనె తాగుతూ ఉంటే చాలు. కొవ్వొత్తిలో వత్తి అలా కాదు, తల వంచి తన కొసని తానే కాల్చుకుంటూ దిగాలి. లేకపోతే కొసన బొగ్గు పుట్టగొడుగులా లేచి పొగ కక్కుతుంది. అందుకు అల్లిన వత్తి కావాలి. దారాన్ని చాకలి సోడాలో ఉడకబెట్టి, ఆరబెట్టి ఇస్తే ఆవిడ మూడు పాయలుగా జడ అల్లేది. తొడిమలు తీసీ తీసీ గోళ్లు అరిగిపోయిన వేళ్లు ఆవిడవి. నా వేళ్లకి ఆ నేర్పు రాలేదు.

తర్వాత సీసా. పచ్చడి సీసాలో పోస్తే మెడ సన్నం కాబట్టి గాలాడక మంట ఉక్కిరిబిక్కిరైంది. నాలుగు వేళ్ల వెడల్పుండి, నిలువుగా దిగిన సీసా పట్టుకున్నాను. వత్తి సన్నమైతే చుట్టూ మైనం నిలిచిపోయి నడుమ బావి పడేది, లావైతే అంచు నల్లబడేది. మొదటిసారి వెలిగించిన మూడు గంటల్లో పైమైనం అంచు నుంచి అంచు దాకా కరగాలి. వాసన ఇచ్చేది మంట కాదు, ఆ కరిగిన మడుగు. ఈ సంగతి తెలియక మరువం ఆకే మైనంలో ఉడికించాను. చిటపటలాడి ఆరిపోయింది. గుంటూరు నుంచి మరువం నూనె తెప్పించి, వాసన ఎక్కువ రావాలని రెట్టింపు పోశాను. నూనె చెమటలా పైకి తేలింది, వత్తి గొంతు పూడుకుపోయింది. తగ్గిస్తేనే వాసన పెరిగింది. పోశాక మూతపెట్టి రెండు వారాలు కదపకుండా ఉంచితే ఇంకా పెరిగింది. ప్రతి సీసాకీ ఏ మైనం, ఎంత వేడి, ఎన్ని పోగుల వత్తి అన్నీ నోటుబుక్కులో రాశాను.

పన్నెండో సీసా కుదిరింది. పదకొండో సీసా దగ్గర ఆవిడ పోయింది.

ఆవిడ అల్లిన జడలు ఇరవై అయిదు మిగిలాయి. ఈ ఏడు ఫిబ్రవరిలో వాటిలో ఇరవై నాలుగింటితో సీసాలు పోశాను. ఒకటి ఆవిడ సమాధికి, తక్కినవి సంఘానికి. చర్చిలో ఎవరూ దగ్గుతూ గుమ్మం బయట కూర్చోకూడదని ఇచ్చాను. ఈస్టరు ముందు బుధవారం సాయంత్రం ప్రార్థనలో ఆరు వెలిగించారు. గాలికి ఆరతాయని తలుపులూ కిటికీలూ వేశారు. ఆ సమయానికి నేను ఆవిడ రాయికి సున్నం కొడుతున్నాను. పావుగంట వాసన బ్రహ్మాండంగా వచ్చిందట. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు దగ్గు అందుకున్నారట. టీచరమ్మకి ఊపిరాడక పొదిలి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

గురువారం, సీసాలు పాతేశారని తెలియగానే కమిటీ సెక్రటరీ ఎరువుల కొట్టుకి వెళ్లాను. నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు.

"ఏం కలిపావు పెద్దాయనా, పురుగుమందా?" అన్నాడు.

"మీ కొట్లో కొనలేదులే" అన్నాను.

రైతులు నవ్వారు. అతని మొహం బిగుసుకుంది. "అక్కడ మనిషి ప్రాణం పోబోయింది. మనం ఇక్కడ పరాచికాలాడుకుందామా?"

పాతినవాటిలో ఒక్క సీసా తీసి నా ముందు వెలిగించమన్నాను, పొగ కనపడితే చెప్పు తీసుకుని కొట్టమన్నాను. నోటుబుక్కు తెరిచి వత్తుల పేజీ చదవబోయాను. అతను లేచి బస్తాలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. నా భార్యకి ఇది మొదటి ఈస్టరన్నాను. "సంఘం అందరికీ కంపెనీ కొవ్వొత్తులు పంచుతుంది, ఆమెకీ ఒకటి పెట్టిస్తాం" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

ఇంటికొచ్చి, మిగిలిన నా ఒక్క సీసానీ గదిలో పెట్టి తలుపేసి వెలిగించాను. మంట నిటారుగా నిలబడింది. పైన తెల్ల కాగితం పట్టాను, మచ్చ పడలేదు. గెలిచాననుకున్నాను. ఆ కాగితం తీసుకెళ్లి సెక్రటరీ బల్ల మీద పెట్టాలనుకున్నాను. మైనం అంచు దాకా కరిగేసరికి గొంతులో గీరింది. తర్వాత కళ్లు మండాయి. తర్వాత ఆగని దగ్గు.

ఆ ఘాటు ఈ నేల మీద పుట్టినవాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మంట ఆర్పి సీసా వెలుతురుకి ఎత్తి చూశాను. కరిగిన మైనం అడుగున ఎర్రటి నలుసులు.

నేను సీసాలు పోసింది ఫిబ్రవరిలో, మా రేకుల షెడ్డులో. పక్కనే మిరప కల్లం. మైనం గడ్డకట్టేదాకా మూతలు లేకుండా వదిలాను. కల్లంలో కాయలు తిరగబోస్తున్నారు. ఆ రోజుల్లో మా ఊళ్లో మిరప దుమ్ముని దుమ్మనుకోం, గాలే అనుకుంటాం. అంతకుముందు కుదిరిన సీసాలన్నీ వానాకాలంలో పోసినవి. నోటుబుక్కులో అన్నిటికీ గడులున్నాయి, గాలికి లేదు. ఆవిడ ఊపిరిని ఏది తినేసిందో దాన్నే ఆవిడ అల్లిన వత్తి చుట్టూ పోసి, పైన మరువం పేరు పెట్టి చర్చికి ఇచ్చాను. కమిటీ మీద అరవడానికి కూడా నాకు ఇంక నోరు లేదు.

మిగిలింది ఒక్క జడ.

శుక్రవారం తెల్లారి తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, జడనీ సీసానీ మైనాన్నీ మరువం నూనెనీ కొత్త సంచిలో మూటగట్టుకుని కొత్తపట్నం బస్సెక్కాను. మా మరదలిది ఆ ఊరే, మా ఆవిడ చెల్లెలు. ఈ చుట్టుపక్కల మిరపకాయ లేని గాలి సముద్రం దగ్గరే దొరుకుతుందనిపించింది.

"బావా, ఇక్కడ చేపలు ఎండబెడతారు, ఆ కంపు పట్టదా మరి?" అంది మరదలు.

"పట్టనీ. దగ్గు రాదుగా" అన్నాను.

నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరం జడని మళ్లీ సోడాలో ఉడికించాం. సీసాని వేణ్ణీళ్లతో కడిగి తుడిచి, వెచ్చగా ఉండగానే పోశాం, మైనం గాజుకి అంటుకోవాలని. రెండు వారాలు ఉంచాల్సిన దాన్ని రెండు రోజులైనా ఉంచలేను. వాసన రాకపోయినా సరే, ఆరకుండా వెలిగితే చాలనుకున్నాను.

శనివారం సీసాని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. పాస్టరుగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన సెక్రటరీకి ఫోన్ చేశాడు. టీచరమ్మ ఒప్పుకుంటే తమకి అభ్యంతరం లేదని జవాబొచ్చింది. ఆవిడ అప్పటికే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది, మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట. రెండు పేజీల ఉత్తరం రాశాను. తప్పు నాదేనని, మిరప దుమ్ము సంగతి, ఆవిడ అనుభవించిందానికి క్షమించమని, ఒక్క సీసాకి సెలవిమ్మని. ఆవిడ కూతురు గుమ్మంలోనే ఉత్తరం అందుకుని లోపలికి వెళ్లింది. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. జవాబు రాలేదు.

ఆదివారం చీకటితోనే సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డాను. సెక్రటరీ గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. జనం నా పక్కనించే లోపలికి వెళుతున్నారు. కొందరు చేతిలో సీసా చూసి దూరంగా జరిగారు. లోపల ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. తూర్పున తెలుపు తిరిగితే ఇంక వెలిగించి ఉపయోగం లేదు. గేటు తోసుకుని పోదామని ఒక అడుగు వేసి, టీచరమ్మ సెలవివ్వలేదని గుర్తొచ్చి వెనక్కి జరిగాను.

ఆటో వచ్చి ఆగింది. కూతురి భుజం పట్టుకుని టీచరమ్మ దిగింది. నావైపు చూసింది. నా ఉత్తరాన్నే నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచింది. సెక్రటరీ లేచి నా భుజం మీదుగా ఫోన్ వెలుగు పట్టాడు. రెండో పేజీ వెనక పెన్సిలుతో, బోర్డు మీద రాసినంత గుండ్రంగా రాసి ఉంది:

"మీ ఆవిడ పదేళ్లు నా పక్కన కూర్చుని దగ్గింది. ఆ పని మానెయ్యమని మీరూ అనలేదు, నేనూ అనలేదు, కమిటీలో ఒక్కరూ అనలేదు. నేను ఒక్కపూట దగ్గినందుకు వాళ్లు తీర్మానం చేశారు, మీరు రెండు పేజీలు రాశారు. వెలిగించుకోండి. దీనికి నన్ను అడగక్కర్లేదు. అడగాల్సిన మనిషిని మనమెవరమూ అడగలేదు."