కాటా ఎక్కని స్వామి

మొన్న నెల్లూరులో షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడి నర్సమ్మ చెప్పులు విప్పి బరువు చూసే మిషను ఎక్కమంది. ఎక్కనన్నాను. ఎక్కకపోతే డాక్టరుగారు చూడరంది. చూడకపోతే పోనీ అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి నేను లావు బయటపడుతుందని సిగ్గుపడుతున్నాననుకుని, "ఏం కాదులే అన్నా, మన వయసులో అందరిదీ ఇంతే" అని ధైర్యం చెప్పాడు. నా పొట్ట సంగతి ఊరందరికీ తెలిసిందే, దానికి కొత్తగా సిగ్గేమిటి. నాకు పడనిది ఆ మిషను. దాని మీది అంకెలు అటూ ఇటూ ఆడి ఒకచోట ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడడం ఇక ఈ జన్మకు నా వల్ల కాదు. ఒకసారి అలా నిలబడ్డాను. అది నా బరువు కోసం కాదు, మా మేనల్లుడి కోసం.

మా అక్కను మనుబోలుకి ఇచ్చాం. బావది వరి వ్యవసాయం, మాట తక్కువ, విసుగు ఎక్కువ. వాళ్లకు ఒక్కడే కొడుకు. వాడు మద్రాసులో ఇంజనీరింగు చదువుతానని వెళ్లాడు, చదువుకునే వచ్చాడు, అబద్ధమెందుకు. కాకపోతే దాంతోపాటు కార్ల రేసుల పిచ్చి కూడా తగిలించుకుని వచ్చాడు. టూరింగ్ కార్ల రేసు అంటారు దాన్ని. టీవీలో నేలకు కరుచుకుని పరుగెత్తే వింత బళ్లు కావవి, మన వీధుల్లో తిరిగే కార్లే. లోపలి సీట్లు, ఏసీ, పాటలపెట్టె అన్నీ పీకేసి, డ్రైవరుకు ఒక్క సీటు ఉంచి, చుట్టూ ఇనప గొట్టాలు పంజరంలా బిగిస్తారు. మా బావ ఆ కారును మొదటిసారి చూసి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దొంగలు పడిన ఇల్లు మాదిరి ఉండాదే, పోలీసులకు చెప్పకుండా దీన్ని రేసుకు తీసకపోతారా" అన్నాడు. కారును అలా తయారుచేసింది నెల్లూరులో వర్కుషాపు ఉన్న మెకానిక్. మేమంతా ఆయన్ను భాయ్ అనే పిలిచేవాళ్లం. వాళ్ల నాన్న కాలం నుంచి ఇంజన్లతోనే కాపురం. నమాజు టోపీ తీసి జేబులో పెట్టుకుని కారు కిందికి దూరాడంటే, పిలిచి టీ ఇచ్చినా బయటికొచ్చేవాడు కాదు.

మద్రాసు అవతల ఉన్న ట్రాకు మీద ఏడాదిలో కొన్ని రేసులు పెడతారు. ఒక్కో రేసుకు ఇన్ని పాయింట్లని ఇస్తారు, చివరికి ఎవరికి ఎక్కువుంటే వాడు చాంపియన్. నేను చెప్పే ఏడాది, ఆఖరి రేసు నాటికి మావాడికీ ఒక కోయంబత్తూరు కుర్రాడికీ పాయింట్లు సరిసమానం. ఆ రేసులో ఎవడు ముందొస్తే వాడిదే చాంపియన్‌షిప్. అది చాలదన్నట్టు బావ ఇంట్లో ఇంకో పందెం పెట్టాడు. "ఇదే ఆఖరేడు. గెలిస్తే నేనింక నోరెత్తను. గెలవకపోతే కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగానికి మాట్లాడి పెట్టినా, పోయి చేరాల" అన్నాడు. మావాడు సరేనన్నాడు. గెలిస్తే వచ్చే ఏడాది నుంచి జీతమిచ్చి నడిపించుకుంటామని ఒక పెద్ద టీమువాళ్లు అప్పటికే చెప్పి ఉన్నారు. గెలిస్తే ఆ ట్రాకు, లేకపోతే ఈ పోర్టు, మధ్యలో వాడికి మరో దారి లేదు.

ఇక్కడ బరువు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. రేసు అయిపోయాక కారును డ్రైవరుతో సహా తూస్తారు. ఇంతకు తగ్గకూడదని ఒక లెక్క ఉంటుంది. తేలిక కారు వేగంగా పోతుంది కదా, అందుకని. తక్కువ వచ్చేలా ఉంటే ముందే ఇనప పలకలు కారు అడుగున బిగించుకోవాలి, మరీ ఎక్కువ బిగిస్తే కారు నెమ్మదిస్తుంది. భాయ్ పలకలను కచ్చితంగా సరిపోయేటట్టు బిగించేవాడు, గుప్పెడు బియ్యమంత కూడా ఎక్కువ ఉండనిచ్చేవాడు కాదు. దానికి డ్రైవరు బరువు తెలియాలి. ప్రతి రేసుకూ ముందు మావాణ్ని మనుబోలులో బావ వడ్లు వేసే రైసుమిల్లుకు తీసుకుపోయి, రేసు బట్టలు, హెల్మెట్టుతో సహా బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేవాడు. హమాలీలు చుట్టూ చేరి, "ఈ బస్తా ఏ రకం భాయ్, సన్నాలా, దొడ్డువా" అని ఆటపట్టించేవాళ్లు. వాడు హెల్మెట్టులోంచి ఏదో అనేవాడు, ఎవరికీ వినపడేది కాదు.

ఆ ఏడు వేసవిలో ఒక రేసులో వాడి కారు గోడకు రాసుకుని పల్టీ కొట్టింది. దెబ్బలేమీ తగల్లేదు, దులుపుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. దాని వీడియో ఎవరో అక్కకు ఫోన్లో చూపించారు. అక్క చివరిదాకా చూసి, ఫోను తిరిగిచ్చేసి, బర్రెకు కుడితి పెట్టడానికి వెళ్లిపోయింది. ఏమీ అనలేదు కాబట్టి ఏమీ అనుకోలేదని అందరం అనుకున్నాం. కార్తీక మాసం వచ్చేసరికి, తను అయ్యప్పకు మొక్కుకున్నాననీ, వాడు మాల వేసుకుని మండల దీక్ష చేయాలనీ కూర్చుంది. ఆఖరి రేసు ముందర మొక్కంటే ఎందుకో అడగాలా? గెలవాలని మొక్కింది, తల్లి కదా అనుకున్నాం. మావాడికి అంత భక్తి లేకపోయినా అమ్మ మాట కాదనలేక మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, గడ్డం, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, పగలు ఒక్కపూట భిక్ష, రాత్రికి రెండు పళ్లు. చెప్పుల్లేకుండా కారెట్లా నడపాలని అడిగితే గురుస్వామి, "పనికి తప్పదు గదా స్వామీ, దిగంగానే ఇప్పేసేయండి" అని సెలవిచ్చాడు. నా గొడవ వేరే. చిన్నప్పుడు నేను చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పినవాణ్ని ఇప్పుడు స్వామీ అని పిలవాలి, ఎదురుపడితే దండం పెట్టాలి. మొదటిరోజు నోరు తిరగక ఒరే స్వామీ అన్నాను. అక్క కళ్లతోనే నన్ను కాల్చేసింది.

ఆఖరి రేసు వారం ఉందనగా భాయ్ మామూలుగా వాణ్ని మిల్లుకు తీసుకొచ్చాడు. నేనూ వెళ్లాను. కాటా దగ్గరికి రాగానే పెద్ద హమాలీ భుజం మీది గోనెపట్టా కింద పెట్టి, చేతులు జోడించి అడ్డం నిలబడ్డాడు. "మాలలో ఉండే స్వామిని బస్తాల కాటా మీద నిలబెడతారా భాయ్? తప్పు గదా. మా చేత్తో మేం తూయం" అన్నాడు. మిల్లు యజమాని కూడా లోపల్నుంచి వచ్చి అదే మాటన్నాడు. నిన్నటిదాకా సన్నాలా దొడ్డువా అని వేళాకోళం చేసినవాళ్లే, ఒక్కొక్కరూ వచ్చి వాడి కాళ్లకు దండం పెట్టి వెళ్తున్నారు. అక్కడున్న వాళ్లమంతా నిజమేనని తలూపాం. భాయ్ ఒక్కడే కాసేపు కాటా వైపు, వాడి వైపు చూశాడు. వేరే మతంవాడు, స్వామి విషయంలో పట్టుబడితే ఏమనుకుంటారోనని ఆయన జంకు. "సరే, పోయిన రేసు బరువే ఉండాది గదా, దాన్నే పెట్టుకుంటాం" అని వెనక్కి తిరిగాడు. వదులు నల్లచొక్కా, ముఖం నిండా గడ్డం, లోపల మనిషి ఎంత మిగిలాడో ఎవరికి కనపడుతుంది.

రేసు రోజు బావ కూడా వచ్చాడు. అంతకుముందు ఒక్కసారి కూడా ట్రాకు గడప తొక్కని మనిషి, తెల్లపంచె కట్టుకుని, ఎండకు కండువా తలకు చుట్టుకుని నిలబడ్డాడు. ఎర్రలైట్లు ఆరిపోవడం, కార్లన్నీ ఒక్కసారి గుంపుగా మీదపడ్డట్టు కదలడం, ఆ మోత, కాలిన రబ్బరు వాసన, వీటన్నిటి మధ్య నాకు మావాడి కారు ఏదో కూడా తెలియలేదు. బావ మాత్రం మొదటి చుట్టు నుంచే పట్టేశాడు. "అదుగో మనోడు, రెండోవాడు, ఆ ముందుండేది కోయంబత్తూరోడు" అని నా భుజం నొక్కుతూనే ఉన్నాడు. సగం రేసు అయ్యాక ఒక మలుపులో మావాడు లోపలివైపు నుంచి దూరి ముందుకొచ్చాడు. ఇక చివరిదాకా వాణ్ని ఎవరూ దాటలేకపోయారు. గళ్ల జెండా ఊపినప్పుడు బావ కండువా గాల్లోకి విసిరి, భాయ్‌ను కౌగిలించుకుని, నలభై ఏళ్లలో నేను చూడని పని చేశాడు. ఏడ్చాడు. "ఇంక నేను నోరెత్తను, వాడిష్టం" అని ఏడుస్తూనే చెప్పాడు.

కారును తూకం షెడ్డులోకి తోశారు. నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు, పక్కన గోడకు అంకెల పెట్టె. మావాడు లోపలే కూర్చుని హెల్మెట్టు తీయకుండా మా వైపు బొటనవేలు పైకెత్తి చూపించాడు. అంకెలు ఆడాయి, ఆగాయి. అక్కడి అధికారి కారును దింపి మళ్లీ ఎక్కించమన్నాడు. మళ్లీ అవే అంకెలు. మూడోసారి ఆయనే వంగి చక్రాలు సరిగా ఉన్నాయో లేదో చూసి మరీ ఎక్కించాడు. నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. నాలుగు కిలోలు తక్కువ. భాయ్ ముఖంలో నెత్తురు లేదు. ముందురోజు ఇక్కడే చూసుకున్న తూకంలో ట్యాంకు నిండుగా ఉంది కాబట్టి సరిపోయింది, ఇప్పుడు పెట్రోలు అయిపోయాక తేలిందని అప్పుడే ఆయనకు అర్థమైంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి మావాడి మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వేళ్లు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి దాటిపోయాయి. "ఎంత తగ్గినావు స్వామీ" అన్నాడు. మావాడు హెల్మెట్టు తీసి మాకేసి చూశాడు.

ఆ రేసులో మావాడి పేరు కొట్టేశారు. చాంపియన్‌షిప్ కోయంబత్తూరు కుర్రాడికి వెళ్లింది. వాడు మంచివాడు, వచ్చి మావాడి చేతులు పట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. బావకు నేను విడమరిచి చెప్పాను. ఆయన ఒక టైరు మీద కూలబడి, "వడ్లు తూసేటప్పుడు మనం తరుగు కింద బస్తాకి కిలో వదిలేస్తామే, వీళ్లు వదలరా" అన్నాడు. గెలిచిన మనిషి కళ్ల ముందే ఓడిపోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున మనుబోలు చేరేదాకా బావా, భాయ్, నేనూ ముగ్గురం ఒకటే అనుకున్నాం, దీక్ష వల్లే ఓడిపోయాడని అక్కకు తెలియకూడదు, ఇంజన్లో ఏదో తేడా వచ్చిందని చెప్పాలి. వంటింటి గడప దగ్గర నిలబడి బావ సరిగ్గా అదే చెప్పాడు, నేను వంత పాడాను. అక్క మమ్మల్ని నమ్మలేదు. స్వామి భిక్షకు బియ్యం కడుగుతున్నదల్లా తలెత్తి కొడుకునే అడిగింది, "ఏం జరిగింది స్వామీ?" మాలలో ఉన్నవాడు అబద్ధం చెప్పకూడదు కదా. "నేను బరువు తగ్గినానమ్మా. గెలిచినాక తూసి తీసేసినారు" అని ఉన్నదున్నట్టు చెప్పి, స్నానానికి వెళ్లిపోయాడు. అక్క చేతిలో గిన్నె దించి పెరట్లోకి నడిచింది. తన మొక్కే కొడుకును ముంచిందని కుమిలిపోతుందేమోనని వెనకే వెళ్లాను. "నీ తప్పేముందక్కా, వాడు గెలవాలనే గదా మొక్కుకున్నావు" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను మర్చిపోలేను.

"గెలవాలని కాదు తమ్ముడూ" అంది. "మానిపించమని. ఆ ఫోన్లో చూసినప్పటినించి నాకు కన్ను మూతపడలేదు. ఎట్టన్నా వాడితో ఆ కారు మానిపించు స్వామీ, నీ కొండకు పంపిస్తా అని మొక్కినా. వాడికే ఇసుగు పుడతాదనుకున్నా. ఆ దేవుడు చేతిలో పెట్టి లాక్కుంటాడనుకోలేదు" అంది. ఆ మాటకు నేను బావి గట్టు పట్టుకుని నిలబడ్డాను. నిన్న తూకం షెడ్డులో తగిలిన దెబ్బ దీని ముందు ఏపాటిది. ఇన్ని రోజులూ తనే వాడికి చన్నీళ్లు తోడింది, తనే ఒక్కపూట అన్నం వడ్డించింది, తనే స్వామీ అని కాళ్లకు మొక్కింది. "వాడికి చెప్పొద్దు" అంది. చెప్పలేదు. వాడు తెలుగు పుస్తకాలు చదవడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మావాడు ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లొచ్చి, మాల తీసి, తండ్రికిచ్చిన మాట ప్రకారం కృష్ణపట్నంలో చేరాడు. ఇప్పుడు పోర్టులో మంచి హోదా. కంపెనీ బస్సులో పోతాడు, కంపెనీ బస్సులో వస్తాడు. ఇంట్లో కారుంది, దాన్ని మా బావ నడుపుతాడు. ముసలితనంలో నేర్చుకున్న డ్రైవింగు, ముందు ట్రాక్టరు తగిలితే దాటడానికి భయం, మేమంతా ఆ ట్రాక్టరు పొగ పీలుస్తూ గూడూరుదాకా పోవలసిందే. మావాడు పక్కసీట్లో కూర్చుని కిటికీలోంచి పొలాలు చూస్తుంటాడు. ఆ ఏడు నుంచి ఈనాటికీ స్టీరింగు ముట్టుకోలేదు. పోయిన నెల ఒక పెళ్లికి అందరం కలిసి వెళ్తుంటే, వెనక సీట్లో నా పక్కనున్న అక్క ముందుకు వంగి వాడి భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు నడపరాదా నాయనా, ఒక్కసారి" అంది. గొంతు బతిమాలినట్టే ఉంది. వాడు తల తిప్పకుండా, "నాయన నడపతా ఉండాడు గదమ్మా" అన్నాడు. అక్క చెయ్యి తీసేసింది, నా వైపు చూడలేదు. ఆమె కోరుకున్నది జరగడానికి ఒక్క మండలం సరిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇన్నేళ్లూ సరిపోవడం లేదు.