గున్వోర్ గీసిన మూడో గీత

లెమ్విగ్ ఊరి బడిలో ముప్పై నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న గున్వోర్‌కి పాఠ్యపుస్తకాలంటే చిన్నచూపు. "పుస్తకం చూసి చెప్పడానికైతే నేనెందుకు?" అనేది. స్థానం, వేగం, త్వరణం గ్రాఫులు మూడూ ఒకదాని కింద ఒకటి తన చేత్తోనే గీసి పిల్లలకు పంచేది. పై గీత ఎంత ఏటవాలో కింది గీత అంత ఎత్తు, అంతేనని బల్ల గుద్ది చెప్పేది. ఆవిడ కాగితాన్ని తప్పుపట్టినవాడు ఆ బడిలో లేడు. ఆ గర్వం ఒకరి కొంప ముంచింది, ఆవిడది మాత్రం కాదు.

ఆ జూన్‌లో మౌఖిక పరీక్ష జరిగింది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల దగ్గర గున్వోర్, పక్కన వేరే ఊరి బడి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రేబెన్. తూరా అనే అమ్మాయి చీటీ తీస్తే పైకి విసిరిన బంతికి మూడు గ్రాఫులూ గీయమని వచ్చింది. ఇందులో గట్టెక్కితేనే ఆ పిల్లకు చదువు పూర్తయినట్టు, అక్కడ చదువు ముగించినవాళ్లు పెట్టుకునే తెల్లటోపీ తల మీద పెట్టుకునేది అప్పుడే. తలుపు బయట తల్లి, కూతురు పాసైతే ఊపడానికి చిన్న జెండా పట్టుకుని నిలబడి ఉంది.

తూరా మొదటి రెండు గ్రాఫులూ తడబడుతూ గీసింది. మూడోదాంట్లో, సున్నాకి దిగువన తిన్నగా సాగాల్సిన గీతను మధ్యలో మూపురంలా లేపి సున్నాకి తాకించింది.

"పైన బంతి ఒక్క క్షణం ఆగుతుంది కదా, అక్కడ త్వరణం సున్నా."

ప్రేబెన్ నవ్వాడు. "అలాగైతే బంతి మళ్లీ కిందికెలా వస్తుందమ్మాయ్? అక్కడే వేలాడుతుందా?"

తూరా అయోమయంగా గున్వోర్ వైపు చూసింది. గున్వోర్ ఆ గీతను గుర్తుపట్టింది. ఆ మూపురం తనదే. పోయిన వారం ఇచ్చిన కాగితంలో, హడావుడిలో, వేగం సున్నా అయిన చోట త్వరణాన్నీ సున్నా చేసి గీసింది. తెలివైన పిల్లలు మనసులోనే దిద్దుకుని ఉంటారు. ఈ పిల్ల నమ్మి బట్టీ పట్టింది.

తూరాను బయటికి పంపి ప్రేబెన్ పెదవి విరిచాడు. "మిగతాదంతా అంతంతమాత్రమే. ఆ మూడోదొక్కటి సరిగ్గా గీసినా పాస్ చేసేవాణ్ణి. నువ్వేమంటావ్ గున్వోర్?"

ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తప్పు చేయని పంతులు ఎక్కడా ఉండడు, చేశానని ఒప్పుకునే పంతులే అరుదు.

"నువ్వన్నదే నా మాటానూ," అంది.

తూరాను లోపలికి పిలిచి తప్పిందని చెప్పారు. ఆ పిల్ల ఏడవలేదు. గున్వోర్ దగ్గరికొచ్చి చేయి చాపింది.

"క్షమించండి గున్వోర్. మీరు సరిగ్గానే చెప్పుంటారు. నేనే తప్పు నేర్చుకున్నా."

గున్వోర్ ఆ చేయి అందుకుంది.

"పర్లేదులేమ్మా," అంది.