బావ వేళాకోళం

మలయాలో, బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో పైడయ్య మెకానిక్కు. మాటకు పొదుపు, పనికి మొండి. తల్లిదండ్రులు జపానువాళ్ల కాలంలోనే పోయారు. సొంతమని చెప్పుకోడానికి ఒక్క అక్క మిగిలింది, నరసమ్మ. ఆమె మొగుడు అప్పలసామి ఎస్టేటు జీపు డ్రైవరు.

అప్పలసామి నోరు ఊరుకునేది కాదు. బామ్మర్ది కనబడితే ఏదో ఒకటి అనాల్సిందే. బావ అన్నాక వేళాకోళం ఆడకపోతే మనవాళ్లకు తిన్నది అరగదు కదా. పైడయ్య దానికి అలవాటు పడిపోయి, బావ ఏమన్నా నవ్వి ఊరుకునేవాడు.

అది ఎమర్జెన్సీ కాలం. అడవిలో సర్కారు మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల తుపాకులు, కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె. అడవిలోవాళ్లకు చేరుతుందని, గేటు దాటి అన్నం మూట కూడా బయటికి పోకుండా సోదా చేసేవాళ్లు. జీపు మాత్రం రోజూ పొద్దున అడవి అంచున బురదదారిలో పోయి రబ్బరుపాల డబ్బాలు తేవాలి, మధ్యాహ్నం తారురోడ్డెక్కి ఊళ్లోంచి బియ్యం తేవాలి. ఒకసారి వానలో చక్రం దిగబడి అప్పలసామి పొద్దుగూకేదాకా అడవి పక్కన ఒంటరిగా ఉండిపోయాడు. అంతకుముందే పక్క ఎస్టేటు డ్రైవరును, బండి దిగబడినచోటే కాల్చేశారు.

మర్నాడు నరసమ్మ షెడ్డుకే వచ్చింది.

"ఒరే పైడీ, ఆ బండి ఇంకెక్కడా దిగబడకండా సెయ్యరా. నాకింకేటీ ఒద్దు."

పైడయ్యకు ఉపాయం తెలుసు. వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని పళ్లచక్రాల గుండొకటి ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ తేడా చూసుకునేది అదే. బురదలో మాత్రం బలమంతా జారే చక్రానికే ధారపోసి బండిని ముంచుతుంది. దాని పళ్లను వెల్డింగుతో కట్టేస్తే రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, ఎంత బురదలోంచైనా లాక్కొస్తాయి. కానీ తారురోడ్డు మలుపులో మొరాయించి బండిని తిన్నగా తోస్తాయి, రోడ్డు తడిస్తే మరీను. రోజూ రెండు దారులూ తొక్కే బండికి ఏది పెట్టాలి? అక్క ముఖం చూసి పైడయ్య బురద వైపే మొగ్గాడు. పాత సామాన్లలో దొరికిన డిఫరెన్షియల్‌ను వెల్డింగు చేసి బిగించాడు. మంచిదాన్ని గ్రీజు పూసి, గోనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు, రోజులు బాగుపడ్డాక మార్చవచ్చని.

జీపు మళ్లీ దిగబడలేదు. నరసమ్మ సంబరపడి తమ్ముడికి కోడికూర వండిపెట్టింది.

కొన్నాళ్లకే అప్పలసామి మొదలెట్టాడు. "ఏటిలా బామ్మర్దీ ఇది? అచ్చం మీ అప్పే. తిప్పితే తిరగదు, తనకి తోసిన కాడికే పోతది."

షెడ్డంతా నవ్వింది. తన అక్కను అంటున్నా పైడయ్యా నవ్వాడు. ఇంకోసారి అరిగిన టైర్లు చూపించి, "మీ అప్ప నా బుర్రనీ ఇలాగే అరగదీసింది" అన్నాడు. దానికీ నవ్వాడు.

ఏళ్లు గడిచాయి. ఆ ప్రాంతంలో భయం లేదని సర్కారు ప్రకటించింది. కర్ఫ్యూ పోయింది, కంచెలు తీసేశారు. డిఫరెన్షియల్ మార్చడం ఒక పూట పని. పైడయ్య రేపు, రేపు అన్నాడు. బావకు నిజంగా ఇబ్బందయితే నవ్వకుండా చెబుతాడులే అనుకున్నాడు. ఎంత తెలివితక్కువ నమ్మకం! ఆ మనిషి బామ్మర్దితో నవ్వకుండా ఎన్నడు మాట్లాడాడు గనక?

మెర్దెకా రోజు, అంటే మలయాకు స్వతంత్రం వచ్చిన నాడు, పొద్దున వాన. అప్పలసామి జీపుకు కాగితం జెండా కట్టి, కౌలాలంపూర్ వేడుకకు పోయేవాళ్లను బస్సెక్కించడానికి బయల్దేరాడు. షెడ్డు ముందు ఆగి తల బయటపెట్టాడు.

"దేశానికి సొతంత్రం వొచ్చేసింది. ఈ సెక్రాలకి ఎప్పుడిస్తావు బామ్మర్దీ?"

పైడయ్య నవ్వి చెయ్యూపాడు.

తిరిగొచ్చేటప్పుడు, ఊరి బయట మలుపులో ఖాళీ జీపు తిరగలేదు. తిన్నగా పోయి చెట్టుకు కొట్టుకుంది. పైడయ్య పరుగున వెళ్లేసరికి తడిరోడ్డు మీద టైర్ల గీతలు ఎక్కడా ఒంపు లేకుండా ఉన్నాయి. బావ శవాన్ని చూడకముందే అతనికి అంతా అర్థమైంది. తన చేతులను తనే నరుక్కోవాలనిపించింది.

మొగుడు పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. నరసమ్మకు పుట్టిల్లంటే పైడయ్య ఒక్కడే. చీర తీసుకుని, ఈ పూట నిజం చెప్పేయాలనుకుంటూ వెళ్లాడు.

"అప్పా, ఆ బండి..." అన్నాడు.

"ఆ బండేరా ఇన్నేళ్లూ ఆడిని అడివి నుంచి కాసింది" అంది నరసమ్మ. ఆమె చూపు గోడకున్న మొగుడి చొక్కా మీద ఉంది. "సేతులు నొప్పులని రోజూ నా సేత నూనె రాయించుకునీవోడు. తిప్పలేకపోతన్నానని బామ్మర్దితో సెప్పరాదేటి అంటే, రోజూ సెప్తన్నానే, నవ్వుతాడు అనీవోడు."

నిందించాలని కాదు, గుర్తొచ్చి అంది. పైడయ్య చీర ఆమె ఒళ్లో పెట్టాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే గడప దాటాడు.

ఆ తర్వాత ముసలివాడయ్యేదాకా షెడ్డులో ఏ డ్రైవరు తన బండి మీద వేళాకోళం ఆడినా పైడయ్య నవ్వలేదు. చేతిలో పానా కింద పెట్టి, "బండేటి సేస్తంది? మళ్లీ సెప్పు" అని అడిగేవాడు.