కొండ మీద ఇరవై మూడు మజిలీలు

ఈ భూమ్మీద విశేషం లేని రాయంటూ ఒకటుందని ఒక్తావ్ ఎన్నడూ ఒప్పుకోలేదు. నలుగురూ చకచకా మెట్లెక్కుతుంటే ఉన్నట్టుండి చెయ్యెత్తి, ముప్పై ఏళ్ళు పొంతోర్సన్ స్టేషన్లో రైళ్ళు ఆపిన గొంతుతో, "ఆగండి, ఇక్కడొక విశేషం ఉంది" అనేవాడు. ఆ గొంతుకు రైళ్ళే ఆగాయి, చుట్టాలెంత?

తీరా చూస్తే ఆ విశేషం ఒక తుప్పు మేకో, ఒక వంకర గడపో అయ్యుండేది. సముద్రం మధ్య కొండ, కొండ మీద వెయ్యేళ్ళ మఠం. దాన్ని చూడ్డానికి జనం ఖండాలు దాటి వస్తారు. ఒక్తావ్ మాత్రం సగం దారిలో వాననీటి గొట్టం ముందు చుట్టాలందర్నీ నాలుగు నిమిషాలు నిలబెట్టి, దాని వంపు గురించి చెప్పేవాడు. ఒకసారి అటుగా పోతున్న జర్మన్ దంపతులు ఇదేదో పుస్తకాలకెక్కని రహస్యం కాబోలనుకుని గొట్టానికి ఫొటో తీశారు. వాళ్ళను చూసి వెనకాల వస్తున్న బృందం మొత్తం తీసింది. దిగి వచ్చేసరికి గొట్టం ముందు చిన్న క్యూ ఉంది.

అక్కగారి మనవరాలు మయెల్ పెళ్ళిలోనూ ఇదే వరస. అక్కను చెయ్యి పట్టుకుని మునిసిపాలిటీ మెట్లెక్కుతూ, సగంలో ఆగి, మెట్ల కమ్మీకి వాడిన చెక్క గురించి మొదలుపెట్టాడు. పైన పెళ్ళి జరిపించాల్సిన మేయరుగారు ఏడు నిమిషాలు కండువా సర్దుకుంటూ నిలబడ్డారు.

"మీ తాతయ్య వడ్రంగి పని చేసేవారా?" అని పెళ్ళికొడుకు మయెల్ చెవిలో అడిగాడు.

"కాదు, రైల్వే."

"మరి చెక్క గురించి ఎందుకు?"

"ఇక్కడ రాయి దొరకలేదుగా."

అలాంటి ఒక్తావ్, ఆ మఠానికి పేరిచ్చిన సెంట్ మిషెల్ పండుగ వారం ఉందనగా, ఆదివారం మధ్యాహ్నం అక్క సొలాంజ్ మేడ మీది వంటింట్లో కూర్చుని కొండ ప్రయాణం పథకం టేబుల్ మీద పరిచాడు. నాలుగు కాగితాలు. వరస నంబర్లు. ఒక్కో మజిలీకి నిమిషాలు, మజిలీకీ మజిలీకీ మధ్య మెట్ల సంఖ్య.

ఏటా వెళ్ళేదే. కానీ ఈ ఏడు సొలాంజ్‌కి ఒక కోరిక ఉంది. ఎనిమిది నెలల మునిమనవడు బాస్త్యాన్‌ని మఠం ముందరి వసారా దాకా తీసుకెళ్ళి, అక్కడ తన చేతుల్లోకి తీసుకుని, తనే వాడికి సముద్రం చూపించాలి. డెబ్బై తొమ్మిదేళ్ళ ఆవిడ ఈ సంగతి రెండు నెలలుగా ఊరంతా చెప్పుకుంటోంది.

మయెల్ భయం వేరు. ఆమె ల్యాబ్‌లో సముద్రపు నీటిని పరీక్షిస్తుంది. పిల్లాడు పుట్టాక ఇంట్లోనూ అదే పని. స్నానం నీళ్ళకు థర్మామీటరు, నిద్రకు గ్రాఫు. వచ్చే ఆదివారం సముద్రానికి పెద్ద పోటు. సాయంత్రం ఏడుంబావుకి కొండకు చేర్చే వంతెన మొదలు నీళ్ళలో మునుగుతుంది. తరవాత గంటన్నర పాటు కొండ మీద వాళ్ళు కొండ మీదే.

"తాతయ్యా, బాబు నాలుగింటికి నిద్ర లేస్తాడు. అప్పుడు బయల్దేరితే పావు తక్కువ అయిదుకి అక్కడ. మీ లెక్కన ఎక్కడానికి గంటా యాభై నిమిషాలు, పైకి చేరేసరికే ఆరున్నర దాటుతుంది. మామూలు మనుషులకి పాతిక నిమిషాలు చాలు."

"మామూలు మనుషులు ఏమీ చూడరమ్మా."

"పదకొండో మజిలీ, గోడ మీద నాచు. ఇది తీసేస్తున్నా."

"అది నాచు కాదు. నాచులా కనిపించే..."

"పన్నెండు, కిటికీ. పదమూడు, అదే కిటికీ."

"రెండోసారి పై నించి చూస్తాం. వేరేగా ఉంటుంది."

మయెల్ పెన్సిలు ఆగలేదు. అయిదు నిమిషాల్లో ఇరవై మూడు మజిలీలు మూడయ్యాయి.

"అమ్మమ్మా, నువ్వు చెప్పు. ఇవన్నీ కావాలా?"

నిద్రపోతున్న పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న సొలాంజ్ తల ఊపింది. "తీసెయ్యవే. ఆ గొట్టం నాకు కంఠతా వచ్చు." వాడి టోపీ సర్దుతూ అంది. "అసలు నేనెందుకులే. మీరెళ్ళి రండి. నేను సూప్ కాచి ఉంచుతాను."

ఒక్తావ్ కాగితాలు వదిలేశాడు. "రొట్టె అయిపోయినట్టుంది, తెస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో రొట్టెల కొట్టు మూసేసి ఉంటుందని పసిపిల్లలకి కూడా తెలుసు.

మయెల్‌కి ఏదో తేడాగా అనిపించి నాలుగో కాగితం తిప్పింది. దాని మీద ఒకటే వాక్యం ఉంది. "దిగడం: పదిహేను నిమిషాలు. ఎక్కడా ఆగేది లేదు."

ఎక్కేటప్పుడు ఇరవై మూడు విశేషాలున్న కొండకి దిగేటప్పుడు ఒక్కటీ లేదు. మళ్ళీ మొదటి కాగితం చూసింది. మధ్యలో మెట్లు: ఇరవై, ఇరవై, పద్దెనిమిది, పదిహేను, పన్నెండు. పైకి వెళ్ళేకొద్దీ విశేషాలు దగ్గరదగ్గరగా వచ్చేశాయి. ఇలా తగ్గేవి రాళ్ళూ గొట్టాలూ కావు, మనిషి ఊపిరి. అది తెలియడానికి ల్యాబ్ అక్కర్లేదు.

గబగబా కిందికి దిగింది. ఇంటి ఎదుట మూసిన కొట్టు ముందు ఒక్తావ్ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తాతయ్యా, అమ్మమ్మ కోసమా?"

"మెల్లగా మాట్లాడమ్మా." పైన కిటికీ వైపు చూశాడు. "ఆరేళ్ళ కిందట గుండె జబ్బు తగ్గాక కొండెక్కుతూ ఒక మెట్టు మీద ఆగింది. ఎవరో మంచివాడే పాపం, కుర్చీ తెచ్చాడు. ఆ సిగ్గుకి నెల్లాళ్ళు ఇల్లు కదల్లేదు. తనకోసం ఎవరైనా ఆగుతున్నారని తెలిస్తే మళ్ళీ రాదు. ఎదురుగా గొట్టం కనిపించింది. దాని గురించి మాట్లాడాను."

"ఆ గొట్టానికి నిజంగా ఏ విశేషమూ లేదా?"

"మొదట్లో లేదు. ఇన్నేళ్ళు చెప్పాక నాకే నచ్చుతోంది. మిగతా వాటికి లైబ్రరీలో పుస్తకాలు చదవాల్సి వచ్చింది. స్టేషన్లో పనిచేసినన్నాళ్ళూ నేనొక్క పుస్తకం తెరిచి ఎరగను."

"అంతకుముందు పదిహేడే కదా ఉండేవి, పోయినేడు ఇరవై మూడు ఎందుకయ్యాయి?"

"నువ్వు అయిదో నెలతో ఉన్నావు కదమ్మా. ఈ ఏడు పిల్లాణ్ణి మోస్తావు. అందుకని ఉంచేశా."

పోయినేడు నాచు దగ్గర మెట్టు మీద కూలబడి, ఈయన ఎప్పటికి ఆపుతాడురా దేవుడా అని మనసులో తిట్టుకున్నది మయెల్‌కి గుర్తొచ్చింది. ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. "మీరు కాసేపాగి రండి" అని పైకెళ్ళింది.

"అమ్మమ్మా, లెక్క మార్చాను. ఉదయం పదకొండుకే బయల్దేరదాం. బాబు నా వీపు మీదే నిద్రపోతాడు. మజిలీలన్నీ ఉంటాయి. ఇంకో రెండు కలిపాను కూడా, వాడికి గాలి తగలాలిగా."

సొలాంజ్ మనవరాలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"నువ్వూ మొదలుపెట్టావా?"

మయెల్ టేబుల్ మీది కాగితాలు సర్దసాగింది.

"మా తమ్ముడి దగ్గర మాత్రం అనకు" అంది సొలాంజ్. "నాకు తెలుసని తెలిస్తే వాడికి తల కొట్టేసినట్టుంటుంది. ఇంత వయసులో నా కోసం పుస్తకాలు పట్టుకున్నాడు పిచ్చి సన్నాసి. వాడు చెబుతుంటే, విసుక్కుంటూ హాయిగా నిలబడొచ్చు. అంత బాగా విసుగు పుట్టించే తమ్ముడు ఎంతమందికి ఉంటాడే?"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒంటరిగా వస్తున్నాడు కనక ఒక్తావ్ రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. సొలాంజ్ వెంటనే చిరాకు మొహం పెట్టుకుంది.

"ఒరేయ్ ఒక్తావ్, రొట్టె ఏదిరా? సరేలే, కూర్చో. ఆ కొట్టేసినవన్నీ మళ్ళీ రాయి. నేనూ వస్తున్నాను. నా మునిమనవడు మొదటిసారి కొండెక్కుతున్నాడు, వాడికి ప్రతీదీ నింపాదిగా చెప్పాలి. కంగారు పెట్టావంటే ఊరుకోను."

ఒక్తావ్ రబ్బరు తీసుకుని మయెల్ గీతలు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు. కాసేపటికి అనుమానంగా తలెత్తాడు.

"ఎనిమిది నెలల వాడికి ఏం అర్థమవుతుందక్కా?"

"నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు. నాకేమన్నా అర్థమైందా?"

మయెల్ పిల్లాడి టోపీ సర్దే నెపంతో తల వంచుకుని నవ్వు దాచుకుంది.