స్పానిష్ సినిమాలో దానయ్య ఈల

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా టెక్కలిలో ఎవరికి గాలి సోకిందన్నా ముందు నవ్వేది నేనే. ఇది రాశాక కూడా నవ్వుతాను, ఎవరేమనుకున్నా సరే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు సినిమాల పిచ్చి ఉండేది. ఎక్కడో సంపాదించిన ఒక స్పానిష్ సినిమా సీడీ పట్టుకుని బారువలో నా స్నేహితుడు కామేసు ఇంటికి వెళ్లాను.

సినిమా ఒక వంక. కామేసు తండ్రి దానయ్య సముద్రంలోకి చేపల వేటకెళ్లి వాయుగుండంలో చిక్కుకున్నాడు. నెలలు గడిచినా శవం కూడా దొరకలేదు. మర్నాడు కర్మ చేసి, వాళ్లమ్మ నూకాలత్త గాజులు తీయించాలని కులపెద్దలు తేల్చేశారు. ఆమె ససేమిరా అంది. మధ్యలో వీడు నలిగిపోతున్నాడు.

మధ్యాహ్నం భోంచేసి సినిమా పెట్టాం. ఒక ముసలామె, ఒక కిటికీ, బయట సముద్రం. ఎంతసేపటికీ అంతే.

“ఏటి మావా ఇది? సముద్రం సూడ్డానికి సీడీ ఎందుకు? తలుపు తీత్తే ఉంది కదేటి” అన్నాడు కామేసు. చాలా రోజులకు వాడి మొహంలో నవ్వు చూశాను.

అప్పుడే ఈల వినబడింది. పొడుగ్గా సాగి, చివర్లో టక్కున తెగిపోయే ఈల. కామేసు నవ్వు ఆగిపోయింది.

కామేసు వాళ్ల బెస్తవీధిలో ఒక అలవాటుంది. తెప్ప ఒడ్డుకు దగ్గరవుతుంటే ఎవరి ఈల వాళ్లు వేస్తారు. అది గుర్తుపట్టి ఆ ఇంటి ఆడమనిషి గంపతో వెళ్తుంది. దానయ్య ఈల నేనూ చాలాసార్లు విన్నాను. ఇది అదే.

పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్న నూకాలత్త గంప తీసుకుని, మా వైపు చూడకుండా ఒడ్డుకి నడిచింది. కంగారేమీ లేదు, రోజూ వెళ్లినట్టే వెళ్లింది. మేం వెనకాల పరిగెత్తాం. అక్కడ తెప్ప లేదు. అందరూ చూస్తుండగా ఖాళీ గంపతో ఆమె నిలబడి ఉంటే నాకు ఏడుపొచ్చింది.

“అది సినిమాలోదే అమ్మా” అన్నాడు కామేసు.

“సినిమావోడికి మీ అయ్య ఈల ఎవులు నేర్పార్రా?”

ఇంటికొచ్చి ఆ సీను మళ్లీ మళ్లీ వేసి చూశాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఇరుగుపొరుగును అడిగాను. ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ వినలేదు.

మర్నాడు పెద్దలొచ్చారు. నూకాలత్త గుమ్మానికి అడ్డంగా గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

“పిలిసినోడికి కర్మేటి సేత్తారు? పొండి” అంది.

ఒక పెద్దాయన నా వైపు తిరిగాడు. “సదువుకున్నోడివి, నువ్వైనా సెప్పు బాబూ. ఆ ఈల సీడీలోదే కదా?”

ఔనంటే గాజులు పోతాయి. కాదనడానికి నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు.

“సీడీలో ఈల లేదు. కానీ నేనూ విన్నాను” అన్నాను.

వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. దానయ్య మాత్రం రాలేదు. నూకాలత్త చేతుల గాజులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

దయ్యాల్ని నేను నమ్మను. ఆ ఈల ఎవరు వేశారో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు. ఎవరైనా మళ్లీ ఆమె గాజుల జోలికొస్తే మాత్రం, విన్నానని ఎక్కడైనా నిలబడి చెబుతాను.