నాయన ఇచ్చాడన్న ఆవు

మా నాయన తన ఆవును మనవరాలి చదువు కోసం తానే ఇచ్చేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన కర్మాంతరం భోజనాల దగ్గరా అదే మాట. నేను తల వంచుకుని వడ్డిస్తూ ఉండిపోయాను. అది నిజం కాదు.

చిత్తూరు పక్క మా ఇళ్లలో, కొడుకులకు పొలం పంచేటప్పుడు పెద్దవాళ్లు ఒక పాడి ఆవును తమకని ఉంచుకుంటారు. ఆ పాల డబ్బు వాళ్లది. నాయనకు అలా ఒక ఎర్రావు మిగిలింది. పొద్దున్నే పాలకేంద్రంలో పాలు పోసి, తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగేవాడు.

"అందురూ తాగండప్పా, మా ఎర్రావు ఇప్పిస్తా ఉండాది."

"ఆవు ఇప్పిస్తానే ఉండాది గానీ, నువ్వు ఇప్పించేదెప్పుడు?" అని ఆయన ఈడువాళ్లు ఎగతాళి చేసేవారు.

మా అమ్మాయి తిరుపతిలో నర్సింగులో చేరిన ఏడు ధర లేక టమోటాలు తోటలోనే వదిలేశాం. హాస్టలుకు కట్టాలి. నేను కేంద్రానికి పోయి పాల ఖాతా నా పేరుకు మార్పించుకున్నాను. "నాయనే మార్చమన్నాడు" అని అక్కడ చెప్పాను. ఊళ్లో కథ పుట్టింది ఆ అబద్ధంలోంచే.

డబ్బు పడే రోజున నాయన ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

"నీ పేరున పడిందంట గదరా?"

"పాప హాస్టలుకు నాయనా. ఇంట్లో అందరిదీ ఒకటే కదా."

"పాపకా? సరే."

మర్నాడు మామూలుగానే పాలు పిండి తీసుకుపోయాడు. ఎవరైనా మెచ్చుకుంటే, "మనవరాలికి గాక ఇంకెవురికప్పా" అనేవాడు. నన్ను బయట పెట్టలేదు. టీ కొట్టు వైపు మాత్రం పోవడం మానేసి, వెనక వీధిలోంచి ఇంటికొచ్చేవాడు. స్నేహితులు పిలిస్తే కడుపులో మంట అనేవాడు.

అమ్మాయి చదువు అయిపోయింది, ఉద్యోగమూ వచ్చింది. అయినా ఖాతా తిరిగి ఆయన పేరుకు మార్చలేదు. మరిచిపోయి కాదు. నెలనెలా వచ్చే డబ్బుకు అలవాటు పడ్డాను.

ఇప్పుడు అమ్మాయి నాకు డబ్బు పంపుతూ, "తాత ఆవును ఇయ్యకుంటే నేను యాడుందును నాయనా" అంటుంది. ఇది చదివితే దానికి తెలుస్తుంది, తాత ఇవ్వలేదని, ఆయనను ఎవరూ అడగలేదని.

కడుపులో మంట అన్నవాడు ఇంట్లో రెండు పూటలా కాఫీ తాగేవాడు. అది చూస్తూ కూడా నేను తిరుపతి నుంచి మాత్రలు తెచ్చిచ్చాను. ఆయన వాటిని నా ఎదుటే వేసుకునేవాడు.